12,34,56,789: ఒక పెద్ద సంఖ్యను కాగితం మీద విప్పి చూడటం ఎలా?

పెద్ద సంఖ్య కనబడగానే ఫోన్ తీసి కాలిక్యులేటర్‌లో కొట్టడం మనందరికీ అలవాటు. ఈసారికి ఆ పని కాస్త వాయిదా వేయండి. ఒక తెల్ల కాగితం, పెన్సిల్, ఒక గంట తీరిక ఉంటే తొమ్మిది అంకెల సంఖ్యను చేత్తోనే పూర్తిగా విప్పవచ్చు. దాన్ని ఏవి నిశ్శేషంగా భాగిస్తాయి, అది ఏయే ప్రధాన సంఖ్యల లబ్ధం, అందులో కనిపించే గమ్మత్తుల వెనక కారణం ఏమైనా ఉందా అన్నవి ఒక్కొక్కటిగా తేల్చుకోవచ్చు.

దీనికి 123456789ని తీసుకుందాం. ఒకటి రెండ్లు నేర్చుకున్నప్పటి నుంచి తెలిసిన వరసే. కానీ దీన్ని 17 భాగిస్తుందా, ఇది ప్రధాన సంఖ్యేనా అని ఎవరైనా అడిగితే తెల్లమొహం వేస్తాం. నేనూ వేశాను.

ముందు రెండు రకాలుగా రాసుకోండి

మొదట మన పద్ధతిలో రాయండి: 12,34,56,789. పన్నెండు కోట్ల ముప్పై నాలుగు లక్షల యాభై ఆరు వేల ఏడు వందల ఎనభై తొమ్మిది. చదవడానికి ఇదే బాగుంటుంది. దాని కిందే మూడేసి అంకెల గుంపులుగా ఇంకోసారి రాయండి: 123 456 789. లెక్కలు చేయడానికి ఇది కావాలి. ఎందుకన్నది కాసేపట్లో తెలుస్తుంది. ఈ రెండో వరస రాసుకోని పాపానికి నేను ఒక సాయంత్రం పోగొట్టుకున్నాను.

తర్వాత వర్గమూలం ఎంత ఉండొచ్చో ఒక అంచనా వేయండి. 11111ను వర్గం చేస్తే 123454321 వస్తుంది. మన సంఖ్యకు ఎంత దగ్గరగా ఉందో చూశారా? మొదటి ఐదు అంకెలూ అవే. తర్వాతి నాలుగూ ఒకచోట 4321, ఇంకోచోట 6789. ఆరులోంచి నాలుగు, ఏడులోంచి మూడు, ఎనిమిదిలోంచి రెండు, తొమ్మిదిలోంచి ఒకటి తీసేస్తే మిగిలే తేడా 2468. అంటే మన సంఖ్య వర్గమూలం 11111 కంటే పిసరు ఎక్కువ, ఇంకాస్త కచ్చితంగా చెప్పాలంటే 11111.11106. వరసగా ఇన్ని ఒకట్లు ఎందుకొచ్చాయో పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టి వదిలేయండి. చివర్లో దాని దగ్గరికే వెళ్తాం.

చిన్న చిన్న భాగహారాలు

చివరి అంకె 9 కాబట్టి 2, 5 పోయాయి. అంకెలన్నీ కూడితే 45. అది 9 గుణిజం కాబట్టి సంఖ్యను కూడా 9 భాగిస్తుంది. భాగించేయండి:

123456789 ÷ 9 = 13717421

ఇక్కడే ఆగి కొత్తగా వచ్చిన 13717421 అంకెలనూ కూడండి. 26 వస్తుంది. 26ను 3 భాగించదు. కాబట్టి మన సంఖ్యలో ఉన్నవి రెండే 3లు, మూడోది లేదు. ఇలా మళ్లీ కూడి చూడటం చాలామంది మర్చిపోతారు. అసలు సంఖ్య అంకెల మొత్తం 45 అన్నది 9 వరకే భరోసా ఇస్తుంది, 27 సంగతి చెప్పదు.

ఇంకో మాట. 1 నుంచి 9 వరకు అంకెలను ఎలా కలిపి కొట్టినా మొత్తం 45 మారదు. అలా తయారయ్యే సంఖ్యలు 3,62,880 ఉన్నాయి. వాటిలో ఒక్కటి కూడా ప్రధాన సంఖ్య కాదు, అన్నిటినీ 9 భాగిస్తుంది. అదే 123456789 చివర ఇంకో 1 చేర్చి చూడండి: 1234567891 ప్రధాన సంఖ్య. ఒక్క అంకెతో జాతకం మారిపోయింది.

ఇక 7, 11, 13. వీటిని విడివిడిగా భాగించక్కర్లేదు. 7 × 11 × 13 = 1001 అన్న సంగతి గుర్తుంటే మూడిటినీ ఒకే దెబ్బకు చూసేయవచ్చు. మూడేసి అంకెల గుంపులను కుడివైపు నుంచి ఒకదాన్ని కలుపుతూ, ఒకదాన్ని తీసేస్తూ పోవాలి:

789 − 456 + 123 = 456

ఇప్పుడు 456ను మాత్రమే భాగిస్తే చాలు. 7తో భాగిస్తే శేషం 1, 11తో 5, 13తో 1. అసలు సంఖ్యను భాగించినా ఇవే శేషాలు వస్తాయి. కాబట్టి మూడూ కారణాంకాలు కావు.

నేను పోగొట్టుకున్న సాయంత్రం ఇక్కడిదే. చేతి అలవాటు కొద్దీ కోట్లు, లక్షల కామాలతో రాసుకుని, ఆ గుంపులనే తీసుకుని 789 − 56 + 34 − 12 అని లెక్క వేశాను. 755 వచ్చింది. దాన్ని 7తో భాగిస్తే శేషం 6. నేరుగా భాగిస్తే శేషం 1. పద్ధతే తప్పేమో అని చాలాసేపు కొట్టుకున్నాను, కామాల మీదికి చూపు పోలేదు. 1001 కిటుకు వెయ్యి మీద ఆధారపడింది, మన కామాలు వెయ్యి దాటాక వంద లెక్కన పడతాయి. రెండో వరస రాసుకోమన్నది అందుకే.

ఈ శేషాల్లోనే చిన్న కానుక ఒకటి ఉంది. 7కూ 13కూ శేషం 1 వచ్చింది కదా, అంటే ఒకటి తక్కువైన 123456788ను 91 నిశ్శేషంగా భాగించాలి. సరిచూసుకోండి: 91 × 1356668.

అసలు పని: 13717421ను పగలగొట్టడం

ఇక్కడిదాకా వచ్చినవాళ్లు సాధారణంగా 17, 19, 23 అంటూ వరసగా భాగించుకుంటూ పోతారు. ఎంతదాకా పోవాలి? 13717421 వర్గమూలం 3703, 3704 మధ్యలో ఉంది. 500వ ప్రధాన సంఖ్య 3571. అంటే దారిలో ఎక్కడా తెగకపోతే ఐదు వందల పైచిలుకు భాగహారాలు. కాగితం మీద అంటే మాటలు కాదు. చూడబోతున్నాం, ఈ సంఖ్య నిజంగానే ఎక్కడా తెగదు, దాదాపు చివరిదాకా.

అందుకని దారి మార్చండి. 1643లో ఫ్రెంచ్ గణితవేత్త పియెర్ ద ఫెర్మా ఒక ఉత్తరంలో వాడిన కిటుకు ఉంది. ఆయన దానితో 2027651281 అనే సంఖ్యను 44021 × 46061గా విడగొట్టాడు. ఆలోచన మనం బడిలో చదివిన సూత్రమే: ఒక వర్గంలోంచి ఇంకో వర్గం తీసేస్తే, ఆ రెండు సంఖ్యల మొత్తాన్ని వాటి తేడాతో గుణించినట్టు. కాబట్టి విడగొట్టాల్సిన సంఖ్యను రెండు వర్గాల తేడాగా రాయగలిగితే పని అయిపోయినట్టే.

చేయాల్సింది ఇంతే. వర్గమూలం కంటే పెద్దదైన మొదటి పూర్ణసంఖ్య తీసుకోండి. దాని వర్గంలోంచి మన సంఖ్యను తీసేయండి. మిగిలింది ఖచ్చిత వర్గమేనా చూడండి. కాకపోతే ఒకటి పెంచి మళ్లీ చేయండి.

మనకు మొదటిది 3704.

3704 × 3704 = 13719616
13719616 − 13717421 = 2195

2195 ఏదైనా సంఖ్య వర్గమా? వర్గమూలం తీయక్కర్లేదు. 5తో అంతమయ్యే వర్గం ఏదైనా 25తోనే అంతమవుతుంది. దీని చివర 95 ఉంది. కాదు.

తర్వాతిది 3705.

3705 × 3705 = 13727025
13727025 − 13717421 = 9604

చివర 04. కావచ్చు. 10000కు కాస్త తక్కువ కాబట్టి 98ని పట్టి చూడండి. (100 − 2) వర్గం చేస్తే 10000 − 400 + 4 = 9604. దొరికింది!

3705 − 98 = 3607
3705 + 98 = 3803

అంటే 13717421 = 3607 × 3803. ఐదు వందల భాగహారాలు అవసరం అనుకున్న పని రెండు ప్రయత్నాల్లో తేలిపోయింది. మొదటిసారి ఇది చేసినప్పుడు నమ్మలేక రెండిటినీ మళ్లీ గుణించి చూశాను. మీరు కూడా చూడండి, కానీ పూర్తి గుణకారానికి ముందు తొమ్మిదుల పరీక్ష చేయండి. 3607 అంకెలు కూడితే 16, మళ్లీ కూడితే 7. 3803కు 14, అంటే 5. ఏడైదుల 35, కూడితే 8. అటు 13717421కు 26, అంటే 8. సరిపోయింది. ఈ పరీక్ష సరిపోకపోతే లెక్క తప్పు అన్నది ఖాయం. సరిపోయినంత మాత్రాన లెక్క ఒప్పు అని మాత్రం అనుకోకండి, అంకెలు తారుమారైతే ఇది పసిగట్టలేదు.

ఈ కిటుకు ఎందుకంత చప్పున పనిచేసింది? రెండు కారణాంకాలూ పక్కపక్కనే ఉన్నాయి, తేడా 196 మాత్రమే. అవి దూరంగా ఉంటే ఇదే పద్ధతి చుక్కలు చూపిస్తుంది. రహస్య సంకేతాల కోసం రెండు భారీ ప్రధాన సంఖ్యలను గుణించేటప్పుడు అవి మరీ దగ్గర దగ్గరగా ఉండకుండా చూసుకునేది ఇందుకే.

ఫెర్మా గురించి ఒక పక్కమాట. ఇంత చక్కటి పద్ధతి కనిపెట్టిన మనిషే, 2ను 32 సార్లు గుణించి 1 కలిపితే వచ్చే 4294967297 ప్రధాన సంఖ్యే అని నమ్మాడు. 1732లో ఆయిలర్ అనే గణితవేత్త దాన్ని 641 × 6700417గా విడగొట్టాడు. ఆ రెండు కారణాంకాలూ ఎంత దూరంగా ఉన్నాయో చూడండి, ఫెర్మా సొంత పద్ధతి అక్కడ ఎందుకూ పనికొచ్చేది కాదు.

రెండు ముక్కలూ ప్రధాన సంఖ్యలేనా?

ఇది తేల్చకుండా వదిలేయకండి. 3607 వర్గమూలం 60 దాటీ దాటకుండా ఉంది, 60 వర్గం 3600 కదా. కాబట్టి 59 వరకు ఉన్న 17 ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలు. 2, 3, 5 చూడగానే పోతాయి. 7కు శేషం 2, 11కు 10, 13కు 6, 17కు 3... ఇలా 59 దగ్గర శేషం 8తో ముగుస్తుంది. ఎక్కడా సున్నా రాదు. 3803కు 61 దాకా వెళ్లాలి, చివరి శేషం 21. రెండూ ప్రధాన సంఖ్యలే. విసుగు పుట్టించే పనే, పది నిమిషాలు పడుతుంది.

కాబట్టి 123456789 = 3 × 3 × 3607 × 3803. కారణాంకాల లెక్క ఇక తేలిక. 3ను సున్నా, ఒకటి, రెండుసార్లు తీసుకోవచ్చు, మిగతా రెండిటినీ తీసుకోవచ్చు, మానేయవచ్చు. 3 × 2 × 2 = 12 కారణాంకాలు: 1, 3, 9, 3607, 3803, 10821, 11409, 32463, 34227, 13717421, 41152263, ఇంకా అదే సంఖ్య. వాటి మొత్తం కావాలంటే అన్నీ కూడుతూ కూర్చోనక్కర్లేదు. 13 × 3608 × 3804 అని గుణించండి, 178422816 వస్తుంది. ఆ 13 అనేది 1 + 3 + 9. అందులోంచి సంఖ్యను తీసేస్తే 54966027. సంఖ్యలో సగం కూడా లేదు. తనను వదిలేసి మిగతా కారణాంకాల మొత్తానికి సమానమయ్యే 6, 28 లాంటి సంఖ్యల సరసన దీనికి చోటు లేదన్నమాట.

ఇంకొకటి. దీన్ని రెండు వర్గాల మొత్తంగా రాయవచ్చా? 4తో భాగిస్తే శేషం 1 వస్తుంది కాబట్టి పైపైన చూస్తే అవకాశం ఉన్నట్టే ఉంటుంది. కానీ 3607, 3803 రెండిటికీ 4తో శేషం 3. అలాంటి ప్రధాన సంఖ్య విభజనలో బేసి సార్లు వచ్చిందంటే రెండు వర్గాల మొత్తం అసాధ్యం. విడగొట్టి చూస్తేనే తెలిసే సంగతి ఇది.

గమ్మత్తులు, వాటి తాళంచెవి

ఇక సరదా భాగం. సంఖ్యను 2తో మొదలుపెట్టి గుణించుకుంటూ పోండి.

× 2 = 246913578
× 4 = 493827156
× 5 = 617283945
× 7 = 864197523
× 8 = 987654312

ప్రతిదాంట్లోనూ 1 నుంచి 9 వరకు అన్ని అంకెలూ ఒక్కొక్కసారే ఉన్నాయి. × 3 చేస్తే మాత్రం 370370367, × 6 చేస్తే 740740734. ఆట చెడింది. పది దాటాక 11, 13, 14, 16, 17తో గుణించండి, ఈసారి సున్నాతో కలిపి పది అంకెలూ వస్తాయి. ఉదాహరణకు 17తో గుణిస్తే 2098765413. 12, 15తో రాదు. ఎక్కడ 3 తగిలితే అక్కడ ఆట ఆగిపోతోంది.

ఇలాంటివి చూసి అబ్బురపడి ఊరుకోవద్దు. తాళంచెవి ఒకటే ఉంది. సంఖ్యను 9తో గుణించండి: 1111111101. ఇంకోసారి 9తో గుణించండి: 9999999909. అంటే వెయ్యి కోట్లకు 91 మాత్రమే తక్కువ. ఇంకోలా చెప్పాలంటే 123456789 అనేది దాదాపుగా వెయ్యి కోట్లలో 81వ వంతు.

కాబట్టి 1ని 81తో భాగించి చూడండి. కాలిక్యులేటర్ వద్దు, బడిలో చేసినట్టు సున్నాలు దించుకుంటూ చేయండి. 10లో 81 సున్నాసార్లు, శేషం 10. 100లో ఒకసారి, శేషం 19. 190లో రెండుసార్లు, శేషం 28. 280లో మూడుసార్లు, శేషం 37. శేషం ప్రతిసారీ 9 పెరుగుతోంది, భాగఫలం ఒకటి పెరుగుతోంది. 46, 55, 64 మీదుగా ఏడుసార్లు దగ్గరికి వచ్చేసరికి శేషం 73. ఇప్పుడు 730లో 81 ఎన్నిసార్లు? వరస ప్రకారం ఎనిమిది రావాలి, శేషం 82 మిగలాలి. కానీ 82లో ఇంకో 81 ఇమిడిపోతుంది. అందుకని ఎనిమిది కాస్తా తొమ్మిది అవుతుంది, శేషం 1 మిగిలి కథ మళ్లీ మొదటికొస్తుంది. ఫలితం 0.012345679012345679... అందులో 8 మాయమైనది ఈ ఒక్క ఇముడు వల్లే.

ఈ ఒక్క భాగహారంతో ముడులు వరసగా విడిపోతాయి. 3తో గుణించడం అంటే 81కి బదులు 27తో భాగించినట్టు. అప్పుడు 037 అనే మూడంకెల ముక్కే మళ్లీ మళ్లీ వస్తుంది, అందుకే 370370367. వెయ్యి కోట్ల వర్గమూలం లక్ష, 81 వర్గమూలం 9. లక్షను 9తో భాగిస్తే 11111.111... మొదట్లో పక్కన పెట్టిన ప్రశ్నార్థకం కొట్టేయండి.

తిరగేసిన సంఖ్యతో కూడా ఒకసారి ఆడండి. 987654321 అంటే సరిగ్గా 8 × 123456789 + 9. అందులోంచి మన సంఖ్యను తీసేస్తే 864197532, ఇక్కడా తొమ్మిది అంకెలూ ఒక్కొక్కసారే. 7తో గుణించినప్పుడు వచ్చిన 864197523 పక్కన పెట్టి చూడండి, చివరి రెండంకెలే అటూ ఇటూ అయ్యాయి. ఎనిమిది రెట్లలోంచి ఒక రెట్టు తీస్తే ఏడు రెట్లు, దానికి 9 కలిసింది, అంతే. పెద్దదాన్ని చిన్నదాంతో భాగిస్తే 8.0000000729 వస్తుంది. ఆ 729 ఎక్కడిదో ఇప్పుడు మీరే చెప్పగలరు: మిగిలిన 9ని వెయ్యి కోట్లలో 81వ వంతుతో భాగించాం, 9 × 81 = 729.

యంత్రాన్ని ఎక్కడ నమ్మకూడదు

సంఖ్యను వర్గం చేయాలనుకుంటే 17 అంకెలు వస్తాయి. చాలా స్ప్రెడ్‌షీట్లు 15 అంకెల దాకానే గుర్తుంచుకుని మిగతావాటిని సున్నాలు చేసేస్తాయి, తప్పు చూపిస్తున్నామని కూడా చెప్పవు. చివరి అంకె 9 ఉన్న సంఖ్య వర్గం 1తో ముగియాలి, తెర మీద చివర సున్నాలు కనిపిస్తే అక్కడే అనుమానించండి. సంఖ్యను 123456 వేలు, 789 అని రెండు ముక్కలు చేసి కాగితం మీద చేయండి:

123456 వర్గం: 15241383936, వెనక ఆరు సున్నాలు
2 × 123456 × 789: 194813568, వెనక మూడు సున్నాలు
789 వర్గం: 622521

ఒకదాని కింద ఒకటి సర్ది కూడితే 15241578750190521.

కంప్యూటర్ల ప్రస్తావన వచ్చింది కాబట్టి: యూనిక్స్ అనే కంప్యూటర్ వ్యవస్థలోని గడియారం 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెడుతుంది. 123456789ను 86400తో భాగిస్తే 1428 రోజులు, మిగిలేది 77589 సెకన్లు, అంటే 21 గంటల 33 నిమిషాల 9 సెకన్లు. యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) లెక్కన అది 1973 నవంబర్ 29 రాత్రి.

మీ వంతు

ఇదే వరసలో 987654321ను మీరు విప్పి చూడండి. 9తో భాగిస్తే 109739369. మూడేసి గుంపుల పరీక్షలో ఈసారి 654 వస్తుంది, అసలు సంఖ్యకు వచ్చిన 456కు తిరగేసిన రూపం. 7, 11, 13 మూడూ పోతాయి. ఇక్కడ ఫెర్మా పద్ధతి జోలికి మాత్రం వెళ్లకండి. 10476 దగ్గర మొదలుపెడితే 190005 దాకా పోవాలి, అంటే 1,79,530 ప్రయత్నాలు. మామూలు భాగహారమైతే 17 దగ్గరే తెగుతుంది, అదీ రెండుసార్లు. చివరికి 379721 మిగులుతుంది. అది ప్రధాన సంఖ్యే, కానీ నా మాట మీద వదిలేయకుండా తేల్చుకోవాలంటే 19 నుంచి 613 దాకా 105 ప్రధాన సంఖ్యలతో భాగించాలి. పెన్సిల్ ముందే చెక్కి పెట్టుకోండి.